రెండు మూరల లోతు

మేనకోడలు పనిచేసేది ప్రభుత్వ కార్యాలయాల ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్లో. ఒక మధ్యాహ్నం నదీ పరిరక్షణ సంస్థ బంట్రోతు ఎర్ర తాడుతో కట్టిన పాత రిజిస్టర్లు నాలుగు తెచ్చి బల్ల మీద పడేసి, ప్రతి పేజీకీ మూడేసి కాపీలు కావాలన్నాడు. నలభై పేజీల దాకా ఆ అమ్మాయి చూడకుండానే తీసింది. ఆ పనిలో కాగితం వంక ఎవరూ చూడరు. మూత ఎత్తడం, పేజీ తిప్పడం, మూత వేయడం, అంతే. నలభై ఒకటో పేజీ దగ్గర యంత్రం కాగితాన్ని మింగి ఆగిపోయింది. లాగి చూస్తే ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత, రెండు అంకెకి గాలంలాంటి తోక. చిన్నప్పుడు తన చేత అంకెలు దిద్దించిన చెయ్యి అది. మావయ్య రాత.

నలిగిన ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేయలేదు. మడిచి అన్నం డబ్బా సంచిలో పెట్టుకుంది.

ఏటి నీటిమట్టం కొలిచే గేజి చూసే మనిషి కాబట్టి ఆ మావయ్యని వీధిలో చిన్నా పెద్దా అందరూ గేజీ అనే పిలుస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన చేసిన ఉద్యోగం ఒక్కటే. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ వంతెన కింద, ఏటి అంచున పాతిన కొలత స్తంభం దగ్గరికి వెళ్ళాలి. నీళ్ళు ఏ అంకెని తాకుతున్నాయో చూడాలి. దాన్ని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. ఎండాకాలం ఏరు పిల్లకాలువలా ఉన్నప్పుడూ అంతే, వానాకాలం వంతెన వణుకుతున్నప్పుడూ అంతే. ఓసారి ఏదో సంబంధం మాట్లాడుకోవడానికని వెళ్ళి, ఆరు కావొస్తోందని కాఫీ గ్లాసు సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చాడట. మా అన్నయ్య ఏటిని కట్టుకున్నాడు, ఆవిడ వేరే కాపురానికి ఒప్పుకోలేదు, అని చెల్లెలు, ఆ మేనకోడలి తల్లి, ఎగతాళి చేసేది. దారిలో ఎవరు ఎదురైనా ఆయన్ని బాగున్నావా అని అడిగేవాళ్ళు కాదు. నీళ్ళెంత అని అడిగేవాళ్ళు. ఆయన అంకె చెప్పి ముందుకి వెళ్ళిపోయేవాడు.

రిటైరై మూడేళ్ళయింది. ఆయన చోట మనిషిని వేయలేదు, వంతెనకి ఒక పెట్టె బిగించారు. అది తనే కొలుచుకుని తనే కబురు పంపుకుంటుంది. ఇనప స్తంభాన్ని పీకి తుక్కు కింద తోలేశారు. ఆయన దానికీ బాధపడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క పూట కూడా ఖాళీ గడి లేని రిజిస్టరు ప్రభుత్వం దగ్గర ఉంది, అది చాలు అనుకునేవాడు. మనిషికి ఒక్క గర్వం ఉండనివ్వాలి. ఆయనకున్నది అదొక్కటే.

చెల్లెలు బడి యూనిఫారాలు కుడుతుంది. మొగుడు పోయాక ఆ మిషను మీదే కూతుర్ని పెంచింది, ఆ మిషను మీదే ఇల్లు కట్టింది. రెండు గదులు, ఒక వరండా, దానికి నాలుగు రాతి మెట్లు. పన్నెండేళ్ళ కిందట ఏటి పక్క వీధిలో ఆ స్థలం అమ్మకానికి వచ్చినప్పుడు ఆమె ఇంకెవర్నీ అడగలేదు, అన్నయ్యని తీసుకొచ్చి నిలబెట్టింది. ఆయన స్థలం నాలుగు మూలలా తిరిగాడు. ఏటి వైపు చూశాడు, వంతెన వైపు చూశాడు, కూర్చుని మట్టి గిల్లి చూశాడు.

"ఇక్కడికి ఏరు రాదమ్మా. వస్తే నన్నడుగు," అన్నాడు.

ఆ మాట తప్పు కాదు. ఆరేళ్ళ కిందట, ఆ వీధి పుట్టాక ఎన్నడూ రానంత పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్ళు కింది రెండు మెట్లు తడిపి ఆగిపోయాయి. ఆయన పై మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ, కింద సుడులు తిరిగే నీళ్ళని పెంపుడు కుక్కని చూసినట్టు చూశాడు. సాయంత్రం ఆరింటికి గొడుగేసుకుని స్తంభం దగ్గరికి వెళ్ళి అంకె రాసుకుని వచ్చాడు.

ఇప్పుడు వీధి మీద పడింది వరద కాదు, చట్టం. చట్టం కూడా చెడ్డదని చెప్పడానికి లేదు. ఎగువన రంగుల ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాని పుణ్యమా అని ఏరు పొద్దున ఎర్రగా, సాయంత్రం నీలంగా పారేది. వీధి పిల్లలు ఈ రోజు ఏ రంగు అని పందేలు కాసుకునేవాళ్ళు. ఒంటి మీద దద్దుర్లు లేని పిల్ల లేదు. ఏటిని కాపాడండి అని రాష్ట్ర ప్రభుత్వానికి అర్జీ పెట్టినప్పుడు మొట్టమొదటి సంతకం చెల్లెలిదే. పద్దెనిమిది నెలలు తిరిగేసరికి నదీ పరిరక్షణ చట్టం వచ్చింది. ఆమె వీధంతా చాక్లెట్లు పంచింది. ఆ చట్టంలో ఏముందో చాక్లెట్లు తిన్నవాళ్ళెవరూ చదవలేదు, పంచినావిడ అసలే చదవలేదు.

చట్టంలో వరద గీత అని ఒకటుంది. గడిచిన ముప్ఫై ఏళ్ళలో ఏరు ఎక్కువలో ఎక్కువ ఎంత ఎత్తు వచ్చిందో అక్కడ ఆ గీత. దాని కింద ఎవరి కట్టడమూ ఉండకూడదు. పందొమ్మిది ఇళ్ళకి నోటీసులు అతికించారు. చెల్లెలి నోటీసులో, మీ ఇంటి నేల వరద గీతకి ఒకటిన్నర అడుగు దిగువన ఉంది అని రాసుంది. ఆమె నవ్వింది. ఎవడో టేపు తిరగేసి పట్టుకున్నాడు, విచారణ పెడతారట, అక్కడ చెబుదాం అని మళ్ళీ మిషను తొక్కుకుంది. పది రోజులు ఆ ధైర్యం మీదే ఉంది.

పదకొండో రోజు సాయంత్రం కూతురు అన్నం డబ్బా సంచిలోంచి ఆ కాగితం తీసి, వరండాలో కూర్చున్న మావయ్య ఒళ్ళో పెట్టింది. ఆరేళ్ళ కిందటి వరద రోజు పేజీ అది. సాయంత్రం ఆరు గంటలు, ఇరవై తొమ్మిది అడుగులు, కింద సంతకం. గీతకి ఆధారం ఇదేనట మావయ్యా, బంట్రోతు చెప్పాడు, అంది.

చెల్లెలు కళ్ళజోడు పైకి తోసుకుని ఆ అంకె చూసింది. నోటీసులో ఉన్న అంకె కూడా ఇరవై తొమ్మిదే. కాసేపు మెట్ల వంక చూసింది.

"ఆ పూట నా పై మెట్టు మీద కూర్చుని టీ తాగింది నువ్వే కదా అన్నయ్యా," అంది. "నీ పుస్తకంలో మాత్రం నేను మోకాలు లోతు నీళ్ళలో ఉన్నాను."

ఆయన కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఆ తర్వాత ఆయన చెప్పినది అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది.

పదిహేనేళ్ళ కిందట, చెల్లెలు ఆ స్థలం కొనకముందు, ఇంకో వరదలో ఒక మాను కొట్టుకొచ్చి కొలత స్తంభాన్ని పడగొట్టింది. నీళ్ళు తీశాక ఆయన ఆఫీసుకి కబురు పెట్టాడు. సర్వేయరు వచ్చి మట్టం చూసి పాతించాలి. సర్వేయరు సెలవులో ఉన్నాడు, వస్తాడు అన్నారు. రెండు రోజులు గడి ఖాళీగా ఉండిపోయే పరిస్థితి వచ్చింది. ఖాళీ గడి అంటే ఆయనకి తల తిరిగేది. గడ్డపార తీసుకుని తనే గొయ్యి తవ్వాడు. మళ్ళీ ఏ మానూ పడగొట్టకుండా గట్టిగా ఉండాలని పాత గొయ్యి కంటే రెండు మూరలు ఎక్కువ తవ్వాడు. ఆ గట్టిదనమే కొంప ముంచింది. స్తంభం మీది మొదటి మూడు అంకెలు మట్టిలోకి పోయాయి, తక్కిన అంకెలన్నీ మూడేసి అడుగులు కిందికి దిగాయి. ఏరు ఎక్కడుండాలో అక్కడే ఉంది, అంకె మాత్రం మూడు పెరిగింది.

"తెలియక కాదు, ఆ రోజే తెలుసు," అన్నాడు. "చూసిన దాంట్లోంచి మూడు తీసేసి రాసేవాణ్ణి."

అలా ఎనిమిది నెలలు తీసేసి రాశాడు, సర్వేయరు రానే లేదు. అంతలో తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. స్తంభం మీద పదకొండు ఉంది, రిజిస్టర్లో ఎనిమిది ఉంది. కింద మూడు అంకెలు ఏమైపోయాయి అని ఆ పెద్దమనిషి అడగలేదు. కళ్ళు కనపడవా, ఇంట్లో పడుకుని రాస్తున్నావా అని అడిగాడు. నిజం చెబుదామంటే, ప్రభుత్వ స్తంభాన్ని అనుమతి లేకుండా పాతడం ఇంకా పెద్ద నేరం. గేజీ నోరు మూసుకున్నాడు. మెమో ఇచ్చారు. ఇకపై స్తంభం మీద కనిపించినదే రాయవలెను. అక్కణ్ణించి పదకొండేళ్ళు, రిటైరయ్యేదాకా, కనిపించిందే రాశాడు. మొదట్లో రాస్తున్నప్పుడల్లా మనసులో మూడు తీసేసుకునేవాడు. తర్వాత్తర్వాత అది కూడా మానేశాడు.

"మరి విచారణలో ఈ ముక్కే చెప్పు మావయ్యా," అంది మేనకోడలు. ఆయన కాగితాన్ని ఆ అమ్మాయి చేతికి తిరిగి ఇచ్చేశాడు. చెల్లెలు లోపలికి వెళ్ళి స్టవ్వు మీద నీళ్ళు పెట్టింది.

విచారణకి వారం ఉంది. ఆ వారం ఆయన తన అద్దె గదిలోంచి పెద్దగా బయటికి రాలేదు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక ట్రంకు పెట్టె, పాలగిన్నె. పాలగిన్నె లోపల కూడా ఆయన మేకుతో గీతలు గీసుకున్నాడు. ట్రంకు అడుగున, పెన్షన్ కాగితాల కింద మెమో ఉంది. దాన్ని తీసి చదివి మళ్ళీ అడుగున పెట్టేవాడు. నా పుస్తకం తప్పు అని నలుగురి ముందూ చెప్పాలి. అలా చెబితే పదకొండేళ్ళ పొద్దులూ సాయంత్రాలూ ఎందుకు పనికొస్తాయి? చెప్పకపోతే చెల్లెలికి నేను ఎందుకు పనికొస్తాను? ఏడు రోజులూ ఈ రెండిటి మధ్యే తిరిగాడు. చివరికి మెమోని జేబులో పెట్టుకున్నాడు.

వీధి తరఫున ఒక ప్లీడరు ఉన్నాడు. అద్దె తగాదాలు, గోడ తగాదాలు చూసే మనిషి. సంగతంతా విని అతను ఉత్సాహపడ్డాడు. రికార్డు తప్పని తేలితే గీత ఉండదు, గీత లేకపోతే నోటీసు లేదు, ఇంతకంటే బంగారం లాంటి సాక్ష్యం నా సర్వీసులో చూడలేదు అన్నాడు. చట్టంలో ఆ సెక్షను అతను చదివాడు. సగం చదివాడు.

విచారణ ఒక పొడుగాటి హాల్లో జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను, పనిచేయని మైకు. విచారణాధికారి ఒక ఆవిడ. మర్యాదస్తురాలు, అందర్నీ కూర్చోమన్న తర్వాతే తను కూర్చుంది. ముందు పందొమ్మిది ఇళ్ళవాళ్ళూ ఒక్కొక్కరే లేచి నీళ్ళు మా గడప దాటలేదు అని చెప్పారు. ఆవిడ అన్నీ రాసుకుని, నోటి మాట రికార్డు కాదండీ అంది. చెల్లెలు తన వంతు రాగానే స్థలం రిజిస్ట్రేషన్ కాగితాలు ముందు పెట్టి, ఇది నా కష్టార్జితం, ఎలా తీసుకుంటారు అని అడిగింది.

"మేమేం తీసుకోవడం లేదమ్మా," అంది అధికారి. "స్థలం మీదే, మీ పేరునే ఉంటుంది. దాని మీద ఇల్లు ఉండకూడదు, అంతే. తీసుకోవడం లేదు కాబట్టి నష్టపరిహారం ప్రశ్న రాదు."

"మరి దాంతో ఏం చేసుకోమంటారు?"

"గడ్డి పెంచుకోవచ్చు. అది చట్టంలో ఉంది."

హాల్లో ఎవరో నవ్వారు. అధికారి వేళాకోళానికి అనలేదు, చట్టంలో నిజంగానే ఉంది.

అప్పుడు గేజీ లేచాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, పదిహేనేళ్ళ కిందటి మాను దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పాడు. గడ్డపార, రెండు మూరల లోతు, మట్టిలోకి పోయిన మూడు అంకెలు, తీసివేత, మెమో. చెప్పి మెమోని తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాడు. అంతసేపు మాట్లాడటం ఆయన జీవితంలో అదే మొదలు. ప్లీడరు చెల్లెలి వైపు తిరిగి తల ఊపాడు.

అధికారి మెమోని రెండుసార్లు చదివింది. స్తంభాన్ని తవ్వి చూపించగలరా అని అడిగింది. దాన్ని పీకి తుక్కు కింద తోలేశారమ్మా అన్నాడు. మీరు పాతినట్టు చూసినవాళ్ళు ఉన్నారా అంది. ఏరు చూసిందమ్మా అన్నాడు.

"అంటే పెద్దాయనా, ఎనిమిది నెలలు స్తంభం మీద లేనిది రాశారు. ఆ తర్వాత పదకొండేళ్ళు తప్పని తెలిసే రాశారు. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?"

"అవునమ్మా."

"అయితే ఈ రిజిస్టరు నమ్మదగింది కాదు."

ప్లీడరు లేచి అదేనండీ మా మనవి అన్నాడు. సంతోషంగా అన్నాడు. ఆవిడ చట్టం పుస్తకం తెరిచి, అతను చదవని సగం చదివి వినిపించింది. నమ్మదగిన రికార్డు లేని చోట వరద గీత అన్నది ఉండదు. అలాంటి చోట ఏటి ఒడ్డు నుంచి మూడు వందల అడుగుల లోపు ఏ కట్టడమూ ఉండకూడదు.

హాల్లో వెనక వరసలో ఎవరో వేళ్ళ మీద ఇళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆ వీధీ, వెనక వీధీ, ఆ వెనక సందులో సగం. అరవై నాలుగు వచ్చాయి. పందొమ్మిది ఇళ్ళ నోటీసు అరవై నాలుగు ఇళ్ళ నోటీసు అయింది. ఆ పందొమ్మిదిలోనూ ఒక్కటి తగ్గలేదు. ఎగువన రంగుల ఫ్యాక్టరీ సంగతి ఏమిటని జిరాక్సు కొట్టు అమ్మాయి లేచి అడిగింది. అధికారి ఫైలు చూసి చెప్పింది. ఫ్యాక్టరీ వాళ్ళు సొంత సర్వేయర్లని పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళ ఒడ్డున నీటిమట్టం తీయించుకుంటున్నారట. వాళ్ళకి నమ్మదగిన రికార్డు ఉంది. వాళ్ళ గోడ వాళ్ళ గీతకి పైన ఉంది.

బయటికొచ్చాక ప్లీడరు ఫోన్ మాట్లాడుతూ అటే వెళ్ళిపోయాడు. వెనక వీధి కరెంటు పనివాడు గేజీ ముందుకి వచ్చి నిలబడ్డాడు. నిన్నటిదాకా అతనికి ఏ నోటీసూ లేదు.

"నిజం చెప్పాలని ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టిందా గేజీ? ఇంకొన్నాళ్ళు పట్టలేకపోయావా?" అన్నాడు. తిట్టలేదు, చెయ్యి ఎత్తలేదు. అడిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వీధిలో ఎవరూ ఆయన్ని నీళ్ళెంత అని అడగలేదు. ఒక పొద్దున లేచి చూస్తే ఆయన గది తలుపు మీద సుద్దముక్కతో అంకెలు వేసున్నాయి, కింద నుంచి పైకి, స్తంభం మీద వేసినట్టు. ఆయన తుడవలేదు. నాలుగుకీ అయిదుకీ మధ్య దూరం తగ్గిందని మాత్రం చూశాడు.

చెల్లెలు ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఇల్లు ఖాళీ చేయడానికిచ్చిన గడువు ఇంకా పది రోజులుందనగా ఆమె స్క్రూడ్రైవరు తీసుకుని కిటికీ రెక్కలు ఊడదీయడం మొదలుపెట్టింది. ఆయన వెళ్ళి కింద నుంచి రెక్క పట్టుకునేవాడు, ఆమె పైన స్క్రూ తిప్పేది. అన్నయ్యా కొంచెం ఎత్తు, అన్నయ్యా ఇటు వంచు. అంతవరకే మాటలు. ఆరు కిటికీ రెక్కలు, రెండు తలుపులు, వరండా మీది రేకులు. అన్నీ బండి మీద ఊరి అవతల తీసుకున్న అద్దె గదికి వెళ్ళాయి. గదిలో అవి పట్టక గోడకి ఆనించి బయటే పెట్టారు.

ఇళ్ళు కూల్చే యంత్రం వచ్చింది పట్టపగలు, పదిన్నరకి. రెండు గదులు కూలడానికి టీ తాగినంత సేపు పట్టలేదు. డ్రైవరు మంచివాడు, సామాన్లేమైనా ఉండిపోయాయా అని అడిగి మరీ మొదలుపెట్టాడు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి రాయి గట్టిగా ఉండి యంత్రం పళ్ళు జారిపోయాయి. ఇది కట్టడం కింద రాదులే అని వదిలేసి పక్కింటికి వెళ్ళాడు. ఎక్కడికీ వెళ్ళని నాలుగు మెట్లు అక్కడ మిగిలాయి.

గేజీ గది కూడా మూడు వందల అడుగుల లోపలే. ఇంటివాళ్ళు ఖాళీ చేశారు, ఆయనా ఖాళీ చేశాడు. మంచం, కుర్చీ, ట్రంకు, పాలగిన్నె. చెల్లెలి గదికి నాలుగు సందుల అవతల ఇంకో గది చూసుకున్నాడు. అక్కణ్ణించి ఏరు కనపడదు.

ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది. వచ్చాక ఆగలేదు. నాలుగో రోజుకి ఏరు వంతెన కమ్మీల దాకా లేచిందని జనం గొడుగులేసుకుని చూడ్డానికి పోతున్నారు. సాయంత్రం అయిదున్నరకి ఆయనా బయల్దేరాడు. పాత వీధికి వెళ్ళేసరికి ఆరు. వీధి లేదు. మోకాలెత్తు పెరిగిన గడ్డి, మధ్యలో ఇటుక ముక్కలు, చివర ఆ నాలుగు మెట్లు. నీళ్ళు కింది రెండు మెట్లు తడిపి ఆగాయి. ఎరుపూ కాదు నీలమూ కాదు, ఆ రెండూ కలిసిన రంగు. ఆయన గొడుగు కింద చాలాసేపు నిలబడ్డాడు. మూడో మెట్టు తడుస్తుందేమోనని చూశాడు. తడవలేదు.

తిరిగి వస్తూ చెల్లెలి గది ముందు ఆగాడు. లోపల మిషను నడుస్తోంది. పిల్లల చొక్కాలు ఒక పక్క గుట్టగా పడి ఉన్నాయి. ఆమె తలెత్తలేదు, అడుగుల చప్పుడు గుర్తుపట్టింది.

"ఎందాకా వచ్చింది?"

"రెండో మెట్టు దాకా."

మిషను ఆగింది. ఆమె సూది కిందనుంచి చొక్కా లాగి, దారం పళ్ళతో తెంపింది.

"ఎక్కడైనా రాశావా?"

"లేదు."

ఆమె ఇంకో చొక్కా తీసుకుని మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆయన గొడుగు ముడిచి, గోడకి ఆనించిన కిటికీ రెక్కల మీద పడుతున్న వాన నీళ్ళని అలాగే చూస్తూ గుమ్మంలో నిలబడ్డాడు.